నడుముల బల్బు, గంపల లడ్డు

ఆ రోజుల్ల మనిషి ఎంత బరువు ఎత్తితే అంత మనిషి అని నాకు గట్టి నమ్మకం ఉండె. చదువు, కొలువు, మంచితనం, ఇవన్ని ఎత్త చేతగానోళ్లు చెప్పుకునే ముచ్చట్లని అనుకునేటోన్ని. ఇప్పుడు నలభైకి దగ్గరవడ్డంక ఆ పోరన్ని తలుసుకుంటే నవ్వొస్తది, జెర జాలి గూడ అయితది. ఇరవై అయిదేండ్ల వయసు. మెడ కన్న భుజాలు ఎక్కువ, భుజాల కన్న అద్దంల చూసుకునుడు ఎక్కువ. పురానాపూల్ కాడ మా బాపుకు పిండి గిర్నీ ఉండె (ఇప్పటికీ ఉన్నది, గని ఇప్పుడు నేనే నడుపుతున్న). కింద గిర్నీ, మీది అంతస్తుల జిమ్ము. కింద గోధుమలు పడితే పైన మాకు పౌడరు రాసినట్టయితుండె. మిరపకాయలు పడితే మాత్రం పైన ఒక్కొక్కడు బరువు సగం దాక ఎత్తి తుమ్మేటోడు. అప్పుడు మా ఉస్తాదు కిటికీలకెల్లి తల బయట పెట్టి, "చాచా, మిర్చీ బంద్ కరో!" అని ఒర్రేటోడు. బాపు కిందికెల్లి, "నీ జిమ్ము బంద్ చెయ్యి!" అనేటోడు. రోజు గిదే లొల్లి. సాయంత్రం ఇద్దరు కలిసి ఒకే బల్ల మీద కూసోని చాయ్ తాగేటోళ్లు.

ఉస్తాదు అంటే మా జిమ్ము నడిపెటాయన. చిన్నప్పుడు తాలీంఖానాల కుస్తీ వట్టిన మనిషి. చెవులు నలిగి ముద్దలయినయి, గని గొంతు మాత్రం పెండ్లిపిల్ల లెక్క మెత్తగ ఉంటది. నాతోని ఉర్దూ మాట్లాడేటోడు, మా అమ్మతోని ఆయన సొంతంగ తయారు చేసుకున్న తెలుగు మాట్లాడేటోడు.

ఇగ ఈ కథంతా మా లడ్డుది. లడ్డు అంటే మా అక్క బిడ్డ, నా మేనకోడలు. ఇంట్ల నేను ఆఖరోన్ని. అక్క పెండ్లినాటికి నాకు మూడేండ్లు. మరుసటేడు లడ్డు పుట్టింది. అక్కోళ్లది పక్క గల్లీయే గనుక ఆ పిల్ల మా గిర్నీలనే పెరిగింది. బూందీ లడ్డంటే పానం, ఆ పేరే నిలవడ్డది. నాకు ఎనిమిదేండ్లు, దానికి నాలుగేండ్లు ఉన్నప్పుడు మా గల్లీల ఒక పెండ్లయింది. పెండ్లిపిల్లను గంపల కూసోవెట్టి మేనమామలు పందిట్లకు ఎత్తుకొచ్చిన్రు. లడ్డు నోరు తెరిసి చూసి, "మామా, నన్ను గూడ గట్లనే ఎత్తుతవా?" అన్నది. "ఎత్తుత. నేను ఒక్కన్నే ఎత్తుత," అన్న. (దానికి నేను ఒక్కన్నే సొంత మేనమామను, వేరే దిక్కు లేదు.) నమ్మకం కలగాలె గదా, అప్పటికప్పుడే పిండి గంపల కూసోవెట్టి ఎత్తిన. ఇద్దరం పిండి కుప్పల వడ్డం. అమ్మ ఇద్దర్ని కలిపి దులిపింది. దులుపుడంటే పిండి ఒక్కటే కాదు, వీపు గూడ.

ఆ మాట నేను మర్సిపోలే. లడ్డు అసలే మర్సిపోలే. లడ్డుకు సంబంధం కుదిరి, ఆరు నెలలకు లగ్గం పెట్టుకున్న దినం, అందరు బట్టల గురించి, బంగారం గురించి మాట్లాడుతుంటే అది నా దగ్గరికొచ్చి, "మామా, గంప యాది ఉన్నదా?" అన్నది. "ఒక్కన్నే," అన్న ఛాతి పొంగిచ్చి. అప్పటికి లడ్డు పేరుకు తగ్గట్టు మంచిగనే పెరిగింది. ప్లేటు మిర్చి బజ్జీలు ముందల వెట్టుకోని, "నీ కోసమే తింటున్న మామా. తేలికగుంటే నువ్వెత్తినవని ఎవలు నమ్ముతరు? నీ ఇజ్జత్ నిలవడాలె గదా," అనేది. నేను గూడ నిజమే అనుకోని ఇంకో ప్లేటు తెప్పిచ్చేటోన్ని.

ఇగ చూస్కోండ్రి, జిమ్ముల నా అవతారం. రోజుకింత బరువు పెంచుకుంట పోయిన. ఉస్తాదు వద్దనేటోడు. "ఆహిస్తా మియా, జల్దీ క్యా హై," అనేటోడు, మెల్లగ పోరా, తొందరేందని. ఒకరోజు మధ్యాన్నం ఆయన నమాజుకు పోయిండు. నేను కడ్డీకి రెండు దిక్కుల ఇంకో రెండు చక్రాలు ఎక్కువ ఎక్కిచ్చిన. చూస్తందుకు ఇద్దరు కొత్త పోరగాళ్లు ఉన్నరు, ఎదురుంగ అద్దం ఉన్నది. ఇంకేం కావాలె? ఒంగి, పట్టి, ఎత్తిన. వచ్చింది! నిలవడ్డ. అద్దంల నన్ను నేను చూసుకోని చిన్నగ నవ్విన గూడ. సరిగ్గ దించుతందుకు సగం ఒంగిన్నో లేదో, కింద బాపు మిరపకాయలు పట్టుడు షురు చేసిండు. ఒక్క తుమ్ము. జిందగీల అంత పెద్ద తుమ్ము మల్ల రాలే. నడుముల టక్కుమన్నది. కడ్డీ దాని తోవల అది పోయింది, నేను నా తోవల నేల మీదికి పోయిన.

ఉస్తాదు ఉరుక్కుంట వచ్చి, నన్ను చూసి, "అరె హౌలే, ఉఠానా కమాల్ నై, రఖ్నా కమాల్ హై," అన్నడు. ఎత్తుడు గొప్ప కాదురా పిచ్చోడా, దించుడు గొప్ప అని. పానం పోతుంటే గా ముచ్చట ఎవనికి కావాలె? నలుగురు కలిసి కిందికి దింపి, పిండి మూటలు మోసే తోపుడు బండి మీద పండవెట్టి ఇంటికి తోలుకొచ్చిన్రు. గల్లీ అంతా చూస్తున్నది. వాకిట్ల లడ్డు నిలవడి ఉండె. ముందుగాల భయపడ్డది, నేను కండ్లు తెరిసి చూసినంక, "ఏంది మామా, నిన్నే గంపల వెట్టి తెస్తున్రు?" అన్నది. నవ్వొచ్చింది గని నవ్వితే నడుము గుంజింది. బాపు మాత్రం కారం అంటిన చేతులు కడుక్కోకుంటనే బండి ఎంబడి వచ్చిండు.

ఇగ డాక్టర్ల కథ. మొదలు నయాపూల్ దిక్కు ఒక పెద్ద ఎముకల డాక్టరు కాడికి పోయినం. అమ్మ, నేను, ఫొటోల కవరు పట్టుకోని లడ్డు. ఆయన నా మొఖం చూడలే, నా ఎముకల ఫొటో వెలుగుకు పెట్టి చూసిండు. "డిస్క్ బల్జ్ అయింది. బరువులు బంద్," అన్నడు. "ఎన్ని రోజులు సార్?" అన్న. "జిందగీ," అన్నడు. "సార్, నాలుగు నెలలకు మా మేనకోడలు లగ్గం, గంప ఎత్తాలె," అన్న. అప్పుడు మొదటిసారి నన్ను చూసిండు. "క్యారమ్స్ వస్తదా?" అన్నడు. వస్తది సార్ అన్న. "మంచిగ ఆడుకో," అని ఇంకొకరిని పిలిసిండు.

అమ్మ ఇంటికొచ్చి గల్లీ మొత్తం చెప్పింది, "మావోనికి నడుముల బల్బు అయిందంట" అని. బల్జో ఏందో అని నేను ఎన్నిసార్లు చెప్పినా వినలే. చూస్తందుకు వచ్చినోళ్లంత బల్బు గురించే అడిగేటోళ్లు. పక్కింటి ముసలమ్మ, "వెలుగుతలేదా బిడ్డా, మాడిపోయిందా?" అన్నది. బాపు దోస్తు ఒకాయన మంచం కాడ కూసోని సోంచాయించి సోంచాయించి, "ఎల్ఈడీ ఏయించుకో బేటా, చాన రోజులొస్తది," అన్నడు. ఆయన మస్తు సీరియస్‌గ అన్నడు, నేను తల ఊపిన.

ఒక్క డాక్టరు మాట పట్టుకోని కూసుంటమా అని, చాంద్రాయణగుట్ట చౌరస్తా కాడ ఇంకో డాక్టరున్నడంటే గాడికి పోయినం. ఆయనకు బొజ్జ బల్ల మీదికి వచ్చి కూసున్నది. "నాకు యాభై ఏండ్లు. ఎన్నడన్న బరువు ఎత్తిన్నా? లేదు. నాకు నడుము నొప్పి ఉన్నదా? లేదు. ఇగ నువ్వే అర్థం చేస్కో," అన్నడు. గంత మంచిగ చెప్తుంటే చేతులున్న పెన్ను జారి కింద వడ్డది. ఆయన పెన్నును చూసిండు. నేను పెన్నును చూసిన. ఇద్దరం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. నేను ఒంగలేను, ఆయన గూడ ఒంగలేడు. శానసేపు అయినంక లడ్డు ఒంగి తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరు దగ్గి, "చెప్పిన గదా, బరువులు ఒద్దు," అని చీటీ రాసిండు.

అప్పటిసంది ఇంట్ల అమ్మ రాజ్యం. "ఎత్తొద్దు" అన్నరు గదా, ఏదీ ఎత్తనియ్యలే. బకీటు ఒద్దు, చెంబు ఒద్దు, ఆఖరికి ఒకరోజు ఉస్తాదు ఫోన్ చేస్తే, "ఫోన్ ఎత్తకు! డాక్టరు ఏది ఎత్తొద్దన్నడు," అని గుంజుకున్నది. పిండి మూటల నడుమ పెరిగినోన్ని, మంచంల పండుకోని చెంబు కోసం చెయ్యి చాపుడు ఎంత నామోషీ! అంత కన్న పెద్ద బాధ ఏందంటే, అమ్మ మా పెద్దనాయిన కొడుకులు నలుగుర్ని పిలిసి, "గంప మీరు పట్టుండ్రి బిడ్డా, వీడు ఊకే అంచు ముట్టుకుంటడు," అని ఖాయం చేసింది. ఆ మాట వినంగనే నాకు నిజంగనే ఏడుపొచ్చింది. దిండుల మొఖం పెట్టుకున్న. నడుము నొస్తుందనుకోని అమ్మ జండూ రాసింది.

మూడోసారి మా గల్లీ డాక్టర్ సాబు కాడికి పోయినం. డెబ్బై ఏండ్లు దాటినాయన. మా బాపుకు, నాకు, లడ్డుకు, అందరికి సూదులు పొడిసిన చెయ్యి అది. మూడు నాలుగు మాటల కన్న ఎక్కువ మాట్లాడడు. ఏం చెప్పినా మల్ల అడుగుడు మా గల్లీల అదబ్, అంటే మర్యాద, కాదు, అర్థం అయినట్టు తల ఊపి రావాలె. సాబు నన్ను నిలవెట్టిండు, ఒంగమన్నడు, నడిపిచ్చిండు, వేళ్లతోని ఎన్నుపూస మీద మెల్లగ ఒత్తిండు. తర్వాత చేతులు కడుక్కోని, "వజన్ కమ్ కరో," అన్నడు. అంతే. బరువు తగ్గించు అని. "షుక్రియా సాబ్," అని ముగ్గురం బయటికొచ్చినం.

బయట మెట్ల మీదనే లొల్లి మొదలయింది. అమ్మ అన్నది, "చూసినవా, ఒళ్లు తగ్గించమన్నడు. రేపటిసంది బిర్యాని బంద్, జొన్న గటక." నేనన్న, "ఒళ్లు కాదమ్మా! ఎత్తే బరువు తగ్గించుకోమన్నడు. అంటే ఎత్తొచ్చు, జెర తక్కువ ఎత్తాలె. సాబు ఒద్దనలే గదా!" లోపలికి పోయి ఏ వజన్ సాబ్ అని అడిగితే అయిపోతుండె. గని ఎవలడుగుతరు? లడ్డు కవరు పట్టుకోని మా ఇద్దరి దిక్కు చూసుకుంట నిలవడ్డది. అట్ల ఒకటే మాటను పట్టుకోని అమ్మ గటక వండింది, నేను దొంగతనంగ మెట్లెక్కి జిమ్ముకు పోయిన.

ఉస్తాదు నా మాట విని గడ్డం నిమురుకున్నడు. "సాబ్ వజన్ కమ్ కరో బోలే?" అని కడ్డీకున్న చక్రాలన్ని తీసిండు. తర్వాత కడ్డీ గూడ తీసి అవతల పెట్టిండు. మూలకున్న చీపురు కట్టె తెచ్చి నా చేతుల పెట్టిండు. "ఇస్‌సే కమ్ నై హోతా," అన్నడు, ఇంతకన్న తక్కువ చేస్తందుకు రాదని. నెల దినాలు చీపురు కట్టె ఎత్తిన. నడుము నిటారుగ, మోకాళ్లు వంచి, ఊపిరి పట్టి ఎత్తాలె, ఎత్తినదాని కన్న మెల్లగ దించాలె. అప్పుడు నన్ను చూసి నేర్సుకున్న కొత్త పోరగాళ్లు నా పక్కన బరువులు గలగల ఎత్తుతుంటే, నేను అద్దం ముందల కట్టె పట్టుకోని ఒంగి లేస్తుంటి. ఒకడు, "అన్నా, ఇల్లు ఊడుస్తున్నవా?" అని గూడ అన్నడు. అద్దంల చూసుకునుడు నాకు అప్పటిసంది తగ్గింది.

రెండో నెల చీపురు కట్టె పోయి ఒట్టి కడ్డీ వచ్చింది. ఆ మజాల ఉండంగ ఒకరోజు అమ్మ జిమ్ము మెట్లెక్కి వచ్చింది. ఆ జిమ్ముల ఆడమనిషి అడుగు వెట్టుడు అదే మొదలు. ఒక్కొక్కడు తువ్వాల కోసం ఉరికిండు. అమ్మ నడుమ నిలవడి, "ఏమయ్యా ఉస్తాదు, డాక్టర్ సాబు తిండి తగ్గియ్యమంటే నువ్వు ఇనుము ఎత్తిపిస్తున్నవా?" అన్నది. ఉస్తాదు చేతులు కట్టుకోని, "అమ్మా, సాబ్ ఇనుము తగ్గియ్యి అని చెప్పిన్రు. నేను మస్తు తగ్గిచ్చిన. చూడుండ్రి, చీపురు చేసిన," అని మూలకున్న చీపురు కట్టె చూపిచ్చిండు. అటీటు గంటసేపు వాదన. ఆఖరికి అదబ్ గిదబ్ పక్కకు వెట్టి, సాబునే అడుగుదమని అమ్మ, ఉస్తాదు, నేను బయలెల్లినం. తోవల లడ్డు గూడ మా ఎంబడి కలిసింది. "సాబ్, కౌన్‌సా వజన్?" అని ఉస్తాదు అడిగిండు. సాబు కండ్లద్దాల మీదికెల్లి మమ్మల్నందర్ని చూసిండు. "జో జ్యాదా హై, వో," అన్నడు. ఏది ఎక్కువుంటే అది! బయటికొచ్చినంక అమ్మ గెలిచిన అన్నది, నేను గెలిచిన అన్న. గటక నడిసింది, కడ్డీ నడిసింది.

ఆ దినాలల్ల ఇంకో రెండు ముచ్చట్లు ఉన్నయి, అప్పుడు నా మట్టిబుర్రకు ఎక్కలే. ఒకటి, పగటిపూట గిర్నీల మిరపకాయలు బందయినయి. ఎవలన్న మిరపకాయలు తెస్తే బాపు, "మిషిని ఖరాబున్నది, పొద్దుగాల జిమ్ము తెరవక ముందు తేండ్రి," అనేటోడు. ఇంకొకటి, కాంటా పక్కన గోడ మీద సుద్దముక్కతోని అంకెలు. అరవై నాలుగు, వారానికి అరవై మూడు, మల్ల అరవై రెండున్నర, గట్ల. "ఎవలదే బాపు ఈ మూట? వారం వారం తగ్గుకుంట వస్తున్నది. ఎలుకలు గిన తింటున్నయా?" అన్న. "తెలిసినోళ్లదే. నీకెందుకురా?" అని బాపు గిర్నీ షురు చేసిండు. ఆ సప్పుడుల ఇంకేం అడుగుతం? లడ్డు వచ్చినప్పుడు బజ్జీలు ముందల వెడితే, "కడుపు నిండుగున్నది మామా," అని పక్కకు జరిపేది. పెండ్లి బుగులు పాపం అనుకోని ఆ బజ్జీలు నేనే తినేటోన్ని, అమ్మ చూడకుంట.

లగ్గం దినం వచ్చింది. చాంద్రాయణగుట్ట ఫ్లైఓవరు దగ్గర ఫంక్షన్ హాలు. ఉస్తాదు షేర్వాణీ ఏసుకోని, అత్తరు రాసుకోని ముందుగాలనే వచ్చిండు. అయ్యగారు, "పెండ్లిపిల్లను తీస్కరాండ్రి," అనంగనే మా పెద్దనాయిన కొడుకులు నలుగురు లాగులు సర్దుకోని గంప కాడికొచ్చిన్రు. లడ్డు ఎర్రచీర కట్టుకోని, చేతుల కొబ్బరికాయ పట్టుకోని, గంపల కాలు వెట్టకుంట నిలవడ్డది. "మామ ఎత్తితేనే కూసుంట. లేకుంటే నడిసే వస్త," అన్నది. అక్క బతిమిలాడింది. అమ్మ తిట్టింది. ముహూర్తం దాటిపోతున్నది. చుట్టాలంత నా మొఖమే చూస్తున్నరు. "కూసో," అన్న.

మోకాళ్లు వంచిన. నడుము నిటారుగ పెట్టిన. చీపురు కట్టెను తలుసుకున్న. ఊపిరి పట్టి ఎత్తిన. గంప లేసింది! బజ్జీల లడ్డు బరువుకు సిద్ధమయి బలం పెట్టిన్నేమో, అంత సుతారంగ లేసేసరికి నేనే ఎన్కకు తూలిన. "ఏందే లడ్డూ, గింత అల్కగున్నవ్?" అన్న పండ్ల బిగువున. అది తల వంచి నా చెవుల, "సాబు చెప్పిండు గదా మామా, వజన్ కమ్ కరో అని. నువ్వెత్తే వజన్ నేనే గదా. మూడు నెలలాయె బజ్జీ ముట్టక," అన్నది. గోడ మీది అంకెలు ఒక్కొక్కటే కండ్ల ముందల తిరిగినయి. నాకు కండ్లు మసకలయినయి. తోవ కనవడక ఉస్తాదు, "సీదా, సీదా," అనుకుంట దారి చూపిచ్చిండు. పందిట్లకు పోయి, ఎత్తినదాని కన్న మెల్లగ దించిన. ఉస్తాదు నా భుజం తట్టి, "అబ్ కమాల్ హువా," అన్నడు, ఇప్పుడయింది గొప్ప అని.

రెండు నెలలు గల్లీల నేను రాజును. ఒక్కన్నే ఎత్తిన అని చెప్పని మనిషి లేడు, ఆ ఇద్దరు డాక్టర్లకు తప్ప. తర్వాత పెండ్లి వీడియో వచ్చింది. అందరం కూసోని చూస్తున్నం. గంప ఘట్టం వచ్చింది. ముందల నేను, ఛాతి ఇరుసుకోని. ఎడమ దిక్కు గంప కింద ఉస్తాదు అరచెయ్యి. కుడి దిక్కు బాపు చెయ్యి. ఎనుక, నడుం వంచి, చీర కొంగు బొడ్ల దోపుకోని, రెండు చేతులు గంప కింద వెట్టి బలంగ మోస్తున్నది మా అమ్మ. లడ్డు నోటికి కొంగు అడ్డం వెట్టుకున్నది. నేను అమ్మ దిక్కు తిరిగిన. "నేనేడ ఎత్తినరా? ఊకే చెయ్యి వెట్టిన," అన్నది అమ్మ, టీవీ దిక్కు నుంచి చూపు తిప్పకుంట. మరి ఎవలు ఎంత మోసిన్రో ఏ కాంటా చెప్తది? నేను నవ్విన, నవ్వుకుంట నవ్వుకుంట ముక్కు చీదుకున్న.

ఇప్పుడు లడ్డు మల్ల లడ్డే అయింది, బజ్జీలు మల్ల నడుస్తున్నయి. దానికి అయిదేండ్ల బిడ్డ. వరుసకు ఆ పిల్లకు నేను తాతను (ముప్పై ఆరేండ్లకే!). మొన్న ఐతారం గిర్నీల పిండి గంప కనవడంగనే ఎక్కి కూసోని, "తాతా, ఎత్తు," అన్నది. పిల్ల వాళ్లమ్మ పోలికే, బరువు గూడ అదే పోలిక. నేను మోకాళ్లు వంచి, నడుము నిటారుగ పెట్టి, ఊపిరి పట్టిన. ఎందుకో అలవాటుగ ఒక్కసారి ఎన్కకు చూసిన. అమ్మకు ఇప్పుడు డెబ్బై దాటినయి, గోడ పట్టుకోనిదే లేవదు. చాయ్ కప్పు కింద వెట్టి, కొంగు బొడ్ల దోపుకుంట, రెండు చేతులు చాపుకోని లేస్తున్నది.